ఓడల మీద బొమ్మలు గీసినవాళ్లు: సిడ్నీ పార్కిన్సన్, అతని ముందూ తర్వాతా వచ్చినవాళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

యూరప్ ఓడలు తమకు తెలియని తీరాలకు వెళ్లిన రోజుల్లో అక్కడి మొక్కల్నీ చేపల్నీ పక్షుల్నీ గీసిన చిత్రకారుల గురించి మాట్లాడితే ఎవరైనా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. జవాబుల్లో ఎక్కువ భాగం 1768 నుంచి 1771 దాకా జేమ్స్ కుక్ నడిపిన ఎండీవర్ ఓడ గురించీ, అందులో పనిచేసిన సిడ్నీ పార్కిన్సన్ గురించీ ఉంటుంది. కుక్ పేరు బడి పుస్తకాల్లోనే అందరికీ తెలుస్తుంది, పార్కిన్సన్ పేరు మాత్రం విన్నవాళ్లు తక్కువ. ఆ ఓడ తెచ్చిన వాటిలో ఇప్పటికీ పనికొస్తున్నదాంట్లో పెద్ద వాటా అతని చేతి పనే కాబట్టి ముందు అతని గురించి చెప్పడమే న్యాయం అని నా అభిప్రాయం.

మొక్కల్ని ఎండబెట్టి, జంతువుల్ని స్పిరిట్‌లో వేసి తెచ్చుకుంటే సరిపోదా? బొమ్మ ఎందుకు?

సరిపోదు. పువ్వును కాగితాల మధ్య నొక్కి ఎండబెడితే చదునైపోతుంది, రంగు పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. కండ ఉన్న కాయలూ నీరు పట్టిన కాడలూ నొక్కితే చితికిపోతాయి. చేపలతో ఇంకా కష్టం, నీళ్లలోంచి తీసిన కాసేపటికే ఒంటి మీది మెరుపూ చారలూ మారడం మొదలవుతుంది, స్పిరిట్ సీసాలో కొన్నాళ్లు ఉన్నాక ఏ రంగు చేపైనా ఇంచుమించు ఒకేలా పాలిపోతుంది. ఫోటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో. అంతవరకు బతికున్నప్పటి రంగు, నిలుచున్న తీరు, పువ్వు కాడకు ఎలా వేలాడుతుంది అన్న సంగతి భద్రపరచడానికి బొమ్మ తప్ప దారి లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో మొక్కలకు, 1758లో జంతువులకు రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచాడు. మొక్కల్ని వర్గాలుగా విడదీయడానికి అతను ముఖ్యంగా పువ్వులోని కేసరాల్ని లెక్కపెట్టేవాడు. దాంతో బొమ్మ గీసేవాడి పని మారిపోయింది. అందంగా ఉంటే చాలదు, కేసరాలు ఎన్నో లెక్కకు రావాలి, అండాశయం కోసి విడిగా చూపించాలి, ఆకు అడుగు వైపు కూడా కనబడాలి.

అంతకుముందు యూరప్‌వాళ్లు దూరదేశాల జంతువుల్ని ఎలా గీసేవాళ్లు?

చాలామంది చూడకుండానే గీసేవాళ్లు. అందరికీ తెలిసిన ఉదాహరణ జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ వేసిన ఖడ్గమృగం. గుజరాత్ సుల్తాన్ ఇచ్చిన ఖడ్గమృగం పోర్చుగీసువాళ్ల చేతుల్లో పడి 1515 మే నెలలో లిస్బన్ చేరింది. జర్మనీలో ఉన్న డ్యూరర్ ఆ జంతువును ఎప్పుడూ చూడలేదు, ఎవరో పంపిన వర్ణననూ ఒక స్కెచ్‌నూ పెట్టుకుని చెక్కమీద బొమ్మ చెక్కించాడు. ఒళ్లంతా ఇనుప కవచం తొడిగినట్టు పలకలు, భుజాల మీద అదనంగా ఓ చిన్న కొమ్ము. ఆ కొమ్ము నిజం జంతువుకు లేదు. అయినా తర్వాత రెండు శతాబ్దాలకు పైగా ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి ఆ కొమ్ముతో సహా అదే బొమ్మ ఎక్కుతూ వచ్చింది.

న్యూగినీ వైపు నుంచి వచ్చిన స్వర్గపక్షుల తోళ్లదీ ఇలాంటి కథే. అక్కడివాళ్లు వ్యాపారం కోసం తోలు సిద్ధం చేసేటప్పుడు కాళ్లు తీసేసేవాళ్లు. మెగెల్లన్ యాత్రలో మిగిలిన ఓడ 1522లో అలాంటి తోళ్లు తెచ్చాక, ఈ పక్షికి అసలు కాళ్లే ఉండవు, ఎప్పుడూ గాలిలోనే బతుకుతుంది అన్న కథ పాకింది, బొమ్మల్లో కూడా కాళ్లు లేకుండానే గీశారు. ఆ పక్షుల్లో ఒకదానికి 1758లో లిన్నేయస్ పెట్టిన లాటిన్ పేరుకు కూడా కాళ్లు లేనిదనే అర్థం.

గీసేవాడే ఓడ ఎక్కి వెళ్లి చూడాలి అన్న ఆలోచన బలపడటానికి ఇలాంటి పొరపాట్లు కూడా ఒక కారణం.

మరి ఓడ ఎక్కి వెళ్లిన తొలి తరం చిత్రకారులు ఎవరు?

ఇంగ్లండ్ వైపు నుంచి జాన్ వైట్ పేరు ముందు చెప్పాలి. వాల్టర్ రాలీ పంపిన యాత్రలో 1585లో ఇప్పటి నార్త్ కరోలినా తీరంలోని రోనోక్‌కు వెళ్లి అక్కడి మనుషుల్నీ ఊళ్లనీ నీటి రంగుల్లో గీశాడు, దారిలో కనిపించిన ఫ్లెమింగోనూ అనాసపండునూ కూడా వదల్లేదు. అతను గీసిన పసుపు రెక్కల సీతాకోకచిలుకను ఈ రోజు చూసినా ఏ జాతిదో చెప్పేయొచ్చు. ఈ బొమ్మలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కానీ ఆ కాలంలో జనం చూసింది వీటిని కాదు, థియోడర్ డి బ్రై 1590లో వీటి ఆధారంగా రాగి రేకుల మీద చెక్కించి అచ్చువేసిన రూపాన్ని. అందులో అక్కడి మనుషుల ముఖాలూ ఒళ్లూ యూరప్ శిల్పాల పోలికలోకి మారిపోయాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, చూసినవాడికీ చూడనివాడికీ ఉన్న తేడా మీకే తెలుస్తుంది.

1638 తర్వాత డచ్చివారి అధీనంలోని బ్రెజిల్‌లో గియోర్గ్ మార్క్‌గ్రాఫ్, ఆల్బర్ట్ ఎక్‌హౌట్ చేసిన పని కూడా గొప్పదే, 1648లో అచ్చయిన బ్రెజిల్ ప్రకృతి చరిత్ర పుస్తకాన్ని తర్వాతి శతాబ్దంలో కూడా శాస్త్రవేత్తలు ఆధారంగా తీసుకున్నారు.

సిడ్నీ పార్కిన్సన్ ఎవరు? ఎండీవర్ ఎలా ఎక్కాడు?

ఎడిన్‌బరోలో 1745 ప్రాంతంలో పుట్టినవాడు, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం పిల్లవాడు. తండ్రి సారా కాచే వ్యాపారి. కుర్రాణ్ని ఉన్ని బట్టల వ్యాపారి దగ్గర పని నేర్చుకోవడానికి పెట్టారు, కానీ చెయ్యి పూల బొమ్మల వైపే పోయింది. లండన్ వచ్చాక హామర్‌స్మిత్‌లో నర్సరీ నడిపే జేమ్స్ లీ ద్వారా జోసెఫ్ బ్యాంక్స్‌కు పరిచయమయ్యాడు. బ్యాంక్స్ అప్పటికి పాతికేళ్ల జమీందారు, డబ్బుకు కొదవ లేదు, మొక్కలంటే పిచ్చి. కుక్ ఓడ శుక్ర గ్రహం సూర్యబింబాన్ని దాటడాన్ని చూడటానికి పసిఫిక్ సముద్రంలోని తాహితీ ద్వీపానికి వెళ్తోందని తెలిసి, సొంత ఖర్చుతో తన బృందాన్ని ఎక్కించాడు. అందులో లిన్నేయస్ శిష్యుడు డేనియల్ సోలాండర్, రాతపని చేయడానికి హెర్మన్ స్పోరింగ్, తీరాలూ మనుషులూ గీయడానికి అలెగ్జాండర్ బకన్, మొక్కలూ జంతువులూ గీయడానికి పార్కిన్సన్ ఉన్నారు. పార్కిన్సన్ జీతం ఏడాదికి 80 పౌండ్లు.

1768 ఆగస్టులో ప్లిమత్ నుంచి బయల్దేరారు. ఓడ పొడవు సుమారు 32 మీటర్లు, బొగ్గు మోయడానికి కట్టిన ఓడ, అందులో 94 మంది.

ఓడలో రోజువారీ పని ఎలా నడిచేది?

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. కెప్టెన్ వాడుకునే పెద్ద గదిలో ఒక పెద్ద బల్ల ఉండేది. వంట వాసన పోయాక, మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా బ్యాంక్స్, సోలాండర్ ఆ బల్లకు ఒక వైపు, పార్కిన్సన్ ఎదురుగా కూర్చునేవాళ్లు. మొక్క వాడకముందే, చేప రంగు పోకముందే సోలాండర్ లాటిన్‌లో వర్ణన రాసుకుంటుంటే పార్కిన్సన్ గీసేవాడు, ఏ భాగం స్పష్టంగా రావాలో వాళ్లిద్దరూ చెబుతుండేవాళ్లు. అంటే మనం చూస్తున్న బొమ్మ ఒకరి చూపు కాదు, ముగ్గురి చూపు ఒక్క చేతిలోంచి కాగితం మీదికి వచ్చింది. అదీ అలల మీద ఊగే ఓడలో, నీటి రంగులతో.

సముద్రం మీద ఉన్నప్పుడు వలకు చిక్కిన చేపలు, కాల్చిన పక్షులు, నీళ్ల మీద తేలే మెత్తటి జీవులు పనికి దొరికేవి. ఒడ్డు తగిలితే మొక్కల వరద. ఎండబెట్టడానికి తెచ్చుకున్న కాగితాల్లో మిల్టన్ కావ్యం మీద రచయిత జోసెఫ్ అడిసన్ రాసిన వ్యాఖ్యానం అచ్చయిన విడి ఫారాలు కూడా ఉన్నాయి, పువ్వులు ఆ అక్షరాల మధ్య పడుకుని ఇంగ్లండ్ చేరాయి.

రియో డి జనీరోలో పోర్చుగీసు వైస్రాయ్ వీళ్లను అనుమానించి ఒడ్డుకు దిగనివ్వలేదు. బ్యాంక్స్ ఒక రోజు చాటుగా దిగి వచ్చాడు. అక్కడ సేకరించిన వాటిలో బోగన్‌విలియా ఉంది, మన ఇళ్ల గోడల మీదికి పాకే కాగితం పూల తీగే. పార్కిన్సన్ దాన్ని గీశాడు.

తాహితీలో ఈగలు బొమ్మల మీది రంగు తినేశాయంటారు, నిజమేనా?

నిజమే, బ్యాంక్స్ డైరీలో ఉంది. పెట్టిన రంగు పెట్టినట్టే ఈగలు నాకేసేవట. నీటి రంగుల్లో కలిపేది చెట్టు జిగురు కాబట్టి వాటికి అది తిండే అయింది. చివరికి కుర్చీ, బల్ల, చిత్రకారుడు, కాగితం అన్నీ కలిపి దోమతెర కప్పారు, అయినా చాలక తెర లోపల ఈగల ఉచ్చు కూడా పెట్టాల్సి వచ్చింది.

అక్కడే ఇంకో దెబ్బ తగిలింది. తాహితీ చేరిన కొద్ది రోజులకే, 1769 ఏప్రిల్‌లో బకన్ చనిపోయాడు, అతనికి మూర్ఛ జబ్బు ఉండేది. దాంతో మనుషులు, పడవలు, ఇళ్లు, తీరాల బొమ్మల పని కూడా చాలావరకు పార్కిన్సన్ మీదే పడింది, స్పోరింగ్ కొంత పంచుకున్నాడు. న్యూజీలాండ్‌లో మావోరీ పెద్దల ముఖాల మీది పచ్చబొట్టు గీతల్ని పార్కిన్సన్ ఎంత శ్రద్ధగా గీశాడో చూస్తే, మొక్క ఆకు ఈనెలు చూసిన కన్నే ఇక్కడా పనిచేసిందని తెలుస్తుంది.

ఆస్ట్రేలియా బొమ్మలు ఎక్కువ శాతం సగంలోనే ఎందుకు ఆగిపోయాయి?

టైమ్ లేక. 1770 ఏప్రిల్ చివర్లో ఓడ ఇప్పటి సిడ్నీ దగ్గర ఆగింది. అక్కడ దొరికిన మొక్కలు ఎంత ఎక్కువంటే ఆ తావుకు బాటనీ బే అన్న పేరే స్థిరపడింది. తర్వాత బ్యాంక్స్ పేరు మీదే బ్యాంక్సియా అని పిలిచిన చెట్లు, యూకలిప్టస్ రకాలు, ఇవన్నీ యూరప్ శాస్త్రానికి పూర్తిగా కొత్తవి. పద్నాలుగు రోజుల్లో పార్కిన్సన్ ఒక్కడే 94 స్కెచ్‌లు వేశాడని బ్యాంక్స్ రాసుకున్నాడు. రోజుకు ఆరేడు. ఒక్క పూలకొమ్మ బొమ్మ పూర్తిగా రంగులు వేసి తీర్చాలంటే ఎంత సేపు పడుతుందో కుంచె పట్టినవాళ్లకు తెలుసు.

అందుకే అతను ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పెన్సిల్‌తో మొత్తం మొక్క గీత గీసి, ఒక ఆకు, ఒక పువ్వు, ఒక మొగ్గ, ఇలా ముఖ్యమైన చోట మాత్రం రంగు వేసేవాడు. మిగతా రంగుల వివరాలు కాగితం వెనక మాటల్లో రాసుకునేవాడు. ఇంగ్లండ్ చేరాక తీరిగ్గా పూర్తి చేద్దామన్నది ఆలోచన. మొత్తం మీద వేయికి దగ్గరగా మొక్కల బొమ్మలు వేస్తే వాటిలో తనే పూర్తి చేసినవి మూడొందల లోపు. జంతువుల బొమ్మలు ఇంకో మూడొందల దాకా ఉంటాయి.

కంగారూను మొదట గీసింది అతనేనా?

ఈ యాత్రకు సంబంధించినంతవరకు అవును. 1770 జూన్‌లో ఓడ గ్రేట్ బ్యారియర్ రీఫ్ మీద పగడపు దిబ్బకు గుద్దుకుని అడుగు చిల్లిపడింది. బాగుచేయడానికి ఇప్పటి కుక్‌టౌన్ దగ్గర నది ఒడ్డుకు చేర్చారు. మరమ్మతు కోసం ఓడను వంచినప్పుడు నీళ్లు వెనక వైపుకు చేరి, అక్కడ భద్రంగా పెట్టిన ఎండు మొక్కలు కొన్ని నానిపోయాయి. ఆ వారాల్లోనే పార్కిన్సన్ కంగారూను పెన్సిల్‌తో స్కెచ్ వేశాడు. గీతలు తక్కువే, ప్రాణం ఉంది.

యూరప్ జనం చూసిన కంగారూ మాత్రం ఇది కాదు. గుర్రాల బొమ్మలకు పేరుపడ్డ జార్జ్ స్టబ్స్ ఇంగ్లండ్‌లో కూర్చుని, బ్యాంక్స్ తెచ్చిన తోలును ఉబ్బించి దాన్ని చూసి వేసిన తైలచిత్రం 1773లో ప్రదర్శనలో పెట్టారు. దాని ఆధారంగా చెక్కిన బొమ్మే కుక్ యాత్ర పుస్తకంలో అచ్చయింది. స్టబ్స్ చెయ్యి గొప్పదే, కాదనను, కానీ బతికున్న జంతువును చూసినవాడి నాలుగు పెన్సిల్ గీతల్లో ఉన్న నిజం అందులో లేదని నాకనిపిస్తుంది.

ఓడలో బొమ్మలు గీసింది యూరప్‌వాళ్లేనా?

కాదు. రైయాతేయా ద్వీపానికి చెందిన తుపాయియా అనే పూజారి, నావికుడు 1769 జులైలో తాహితీ దగ్గర ఎండీవర్ ఎక్కాడు. అతను నీటి రంగుల్లో కొన్ని బొమ్మలు వేశాడు. ఒకదాంట్లో మావోరీ మనిషి ఒక చేత్తో పెద్ద రొయ్యలాంటి సముద్రపు జీవిని అందిస్తూ ఇంగ్లీషువాడి దగ్గర బట్ట అందుకుంటుంటాడు. ఇంకోదాంట్లో బాటనీ బేలో అక్కడివాళ్లు బెరడు పడవల్లో చేపలు పడుతుంటారు. ఇవి ఎవరి బొమ్మలో చాలాకాలం తెలియలేదు, బ్యాంక్స్ గీశాడేమో అనుకునేవాళ్లు. బ్యాంక్స్ 1812లో రాసిన ఒక ఉత్తరం ఆధారంగా, గీసింది తుపాయియా అని 1997లో బయటపడింది. అతను ఓడలో ఉన్నంత కాలం దారి చూపించాడు, మాట కలిపాడు, బొమ్మలు కూడా వేశాడు. అతని పేరు చెప్పకుండా ఈ యాత్ర గురించి రాయడం సరికాదు.

పార్కిన్సన్ చివరికి ఏమయ్యాడు?

తిరుగు ప్రయాణంలో, 1770 చివర్లో, మరమ్మతుల కోసం బటావియాలో ఆగారు. అంటే ఇప్పటి జకార్తా. అప్పటిదాకా జబ్బుల బెడద పెద్దగా లేని ఓడను అక్కడి జ్వరాలూ రక్త విరేచనాలూ తుడిచిపెట్టేశాయి. తుపాయియా అక్కడే చనిపోయాడు. ఓడ మళ్లీ కదిలాక ఆఫ్రికా దక్షిణ కొస దగ్గరి కేప్ వైపు వెళ్లే దారిలో రోజూ ఎవరో ఒకరు. 1771 జనవరి చివరి వారంలో స్పోరింగ్, పార్కిన్సన్, ఖగోళ శాస్త్రవేత్త చార్లెస్ గ్రీన్ వరసగా పోయారు. పార్కిన్సన్ పోయింది జనవరి 26న, వయసు పాతికేళ్లు దాటాయో లేదో. సముద్రంలోనే సాగనంపారు. బ్యాంక్స్ తీసుకెళ్లిన ఇద్దరు చిత్రకారుల్లో ఒక్కరూ ఇంటికి రాలేదు.

ఓడ జులైలో ఇంగ్లండ్ చేరాక అతని అన్న స్టాన్‌ఫీల్డ్‌కూ బ్యాంక్స్‌కూ గొడవ అయింది, తమ్ముడి కాగితాలూ వస్తువులూ ఎవరివన్నదాని మీద. రావాల్సిన జీతం, వస్తువుల వెల కింద బ్యాంక్స్ 500 పౌండ్లు ఇచ్చాడు. స్టాన్‌ఫీల్డ్ తమ్ముడి డైరీని అచ్చువేయబోతే కోర్టు ఉత్తర్వుతో కొంతకాలం ఆపించారు, చివరికి అది 1773లో వచ్చింది.

ఇంత కష్టపడి వేసిన బొమ్మలు వెంటనే పుస్తకంగా రాలేదా?

రాలేదు, రెండు వందల ఏళ్లు పట్టింది. బ్యాంక్స్ ప్రయత్నం చేయలేదని కాదు. లండన్‌లో ఐదుగురు చిత్రకారుల్ని పెట్టి పార్కిన్సన్ స్కెచ్‌ల్ని అతని నోట్స్ ప్రకారం, ఎండు మొక్కల్ని పక్కన పెట్టుకుని పూర్తి చేయించాడు. వాటి నుంచి చెక్కే పనివాళ్ల చేత ఏడువందలకు పైగా రాగి రేకులు చెక్కించాడు. అంతలో 1782లో సోలాండర్ హఠాత్తుగా చనిపోయాడు, వర్ణనల భారం మోసింది ఆయనే. బ్యాంక్స్ అప్పటికే రాయల్ సొసైటీ అధ్యక్షుడు, చేతినిండా పనులు. రేకులు చుట్టి పక్కన పెట్టారు, తర్వాత బ్రిటిష్ మ్యూజియంకు వెళ్లాయి.

చివరికి 1980 నుంచి 1990 దాకా ఆ పాత రేకుల మీదే 738 బొమ్మల్ని రంగుల్లో అచ్చువేశారు. ఒకే రేకు మీద ఎక్కడికక్కడ వేరువేరు రంగుల సిరా చిన్న గుడ్డ ఉండలతో అద్ది, ఒక్కసారి ప్రెస్‌లో నొక్కే పద్ధతి. ప్రతి కాపీకీ మళ్లీ మొదటి నుంచి రంగులు అద్దాలి కాబట్టి వంద సెట్లు తీయడానికే పదేళ్లు. పార్కిన్సన్ పని రంగుల్లో పుస్తకంగా బయటికి వచ్చేసరికి అతను పోయి 200 ఏళ్లు దాటాయి.

రంగుల్ని మాటల్లో రాసుకుంటే తర్వాత పొరపాటు రాదా?

వస్తుంది, పచ్చ అంటే ఎన్ని పచ్చలు లేవు. దీనికి నాకు తెలిసిన అద్భుతమైన పరిష్కారం ఫెర్డినాండ్ బౌవర్ది. ఆస్ట్రియాలో పుట్టిన ఇతను 1801లో మాథ్యూ ఫ్లిండర్స్ ఇన్వెస్టిగేటర్ ఓడలో, వృక్ష శాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్‌తో కలిసి ఆస్ట్రేలియా వెళ్లాడు. పెన్సిల్ గీత గీసి, ఆకు మీద, రేక మీద, ఈనె మీద అంకెలు వేసేవాడు. ఒక్కో అంకె ఒక్కో ఛాయ. ఈ యాత్ర నాటికి అతని అంకెలు వేయి దాకా పెరిగాయి. రంగు కుంచె ముట్టకుండా రెండు వేలకు పైగా స్కెచ్‌లు చేసుకుని, ఏళ్ల తర్వాత లండన్‌లో కూర్చుని ఆ అంకెల్ని చూసి రంగులు వేశాడు. ఆ బొమ్మల్లో చేప పొలుసు మీది మెరుపు కూడా కనిపిస్తుంది. పనితనం ఒక్కటే చూసుకుంటే ఓడల చిత్రకారులందరిలోకీ బౌవరే మొదటివాడు, ఇందులో నాకు సందేహం లేదు. అయినా తన బొమ్మల్ని చెక్కగలవాళ్లు దొరక్క తనే చెక్కుకుని 1813 తర్వాత అచ్చువేసుకుంటే, 15 బొమ్మలతోనే ఆపేయాల్సి వచ్చింది.

ఆడవాళ్లు ఎవరూ లేరా?

ఉన్నారు, అదీ పార్కిన్సన్ పుట్టకముందే. మరియా సిబిల్లా మెరియన్ 1699లో, 52 ఏళ్ల వయసులో, చిన్న కూతురు డొరోథియాను వెంటబెట్టుకుని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లింది. ఏ రాజూ పంపలేదు, తన బొమ్మలు అమ్మి ఖర్చులు సమకూర్చుకుంది. రెండేళ్లు అక్కడ గొంగళి పురుగుల్ని పెంచింది. గుడ్డు, పురుగు, గూడు, సీతాకోకచిలుక, అది తినే మొక్క, అన్నీ ఒకే బొమ్మలోకి తెచ్చింది. అప్పటిదాకా పురుగుల్ని పిన్ను గుచ్చి వరసగా పేర్చినట్టు గీసేవాళ్లు. ఏది దేన్ని తిని బతుకుతుంది అన్నది బొమ్మలోనే చూపించడం ఆమె తెచ్చిన మార్పు. జబ్బుపడి 1701లో తిరిగొచ్చి, 1705లో 60 బొమ్మలతో పుస్తకం వేసింది.

అందులో ఒక సాలీడు చిన్న పక్షిని తింటున్న బొమ్మ ఉంది. తర్వాతి తరాల పండితులు కొందరు అదంతా కట్టుకథ అని కొట్టిపారేశారు. 19వ శతాబ్దంలో అమెజాన్ అడవుల్లో తిరిగిన హెన్రీ బేట్స్ పక్షుల్ని పట్టిన సాలీణ్ని కళ్లారా చూసి రాశాక గానీ ఆమె మాట నమ్మలేదు.

మనం రత్నగంధి అని పిలిచే మొక్క కూడా ఆ పుస్తకంలో ఉంది. బానిస స్త్రీలు తమ పిల్లలు కూడా బానిసలుగా పుట్టకూడదని ఆ గింజలతో గర్భం పోగొట్టుకునేవారని, ఆ మాట వాళ్లే తనతో చెప్పారని మెరియన్ రాసింది. మొక్క బొమ్మ పక్కన ఇలాంటి వాక్యం రాయగలిగిన మనిషి ఆ కాలంలో ఇంకెవరున్నారో నాకు గుర్తు రావడం లేదు.

ఫ్రెంచి యాత్రలో మగవేషంలో వెళ్లిన జాన్ బరే చిత్రకారిణి కాదు, కామర్సన్ అనే వృక్ష శాస్త్రవేత్తకు సహాయకురాలు. కానీ ఓడ మీద మొక్కలు మోసి, ఎండబెట్టి, భూమిని చుట్టి వచ్చిన తొలి స్త్రీగా చరిత్రలో నిలిచింది.

ఇప్పుడు లేని జీవుల బొమ్మలు ఏవైనా ఉన్నాయా?

ఉన్నాయి, ఆ బొమ్మలే మిగిలాయి. కుక్ రెండో యాత్రలో జార్జ్ ఫార్‌స్టర్ అనే కుర్రాడు తండ్రితో కలిసి వెళ్లాడు, బయల్దేరినప్పుడు వయసు 17. అతను 1774లో రైయాతేయాలో గోధుమ రంగు పక్షినొకదాన్ని గీశాడు. ఆ పక్షి మళ్లీ ఎవరికీ కనబడలేదు, తెచ్చిన నమూనా కూడా పోయింది. ఈ రోజు ఆ జాతి ఉండేదని చెప్పడానికి ఆ బొమ్మా, ఆనాటి వర్ణనలూ తప్ప ఏమీ లేవు. 

డోడో సంగతి కొంచెం నయం. 1601లో మారిషస్‌లో ఆగిన డచ్చి ఓడ గెల్డర్లాండ్ డైరీలో డోడో స్కెచ్‌లున్నాయి. మొఘల్ చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్‌దిగా చెప్పే బొమ్మ ఒకటి 1625 ప్రాంతంలో వేసినది, బతికున్న పక్షిని చూసి వేసిందనే చాలామంది నమ్మకం. యూరప్ తైలచిత్రాల్లో కనిపించే బొద్దు డోడోతో పోలిస్తే ఈ బొమ్మల్లోని పక్షి సన్నగా, చురుగ్గా ఉంటుంది.

అంటే ఈ బొమ్మలన్నీ నమ్మొచ్చా?

ఒక్కో బొమ్మనూ విడిగా అడగాలి. గీసినవాడు బతికున్న జీవిని చూశాడా, తోలును చూశాడా, ఇంకో బొమ్మను చూశాడా? రంగు అక్కడే వేశాడా, తర్వాత వేరే ఎవరో వేశారా? అచ్చు రూపంలో చెక్కేవాడు ఏమైనా చక్కదిద్దాడా? పార్కిన్సన్ పెన్సిల్ స్కెచ్, దాన్నుంచి లండన్‌లో పూర్తి చేసిన రంగుల బొమ్మ, దాన్నుంచి చెక్కిన రేకు, ఈ మూడూ మూడు వేరువేరు సాక్ష్యాలు.

ఇదంతా వలస పాలనకు పనికొచ్చిన పనే కదా?

అవును, దాన్ని దాచాల్సిన పని లేదు. బాటనీ బేలో కుక్ మనుషులు దిగుతున్నప్పుడు అక్కడి గ్వీగల్ తెగకు చెందిన ఇద్దరు మగవాళ్లు అడ్డుకుంటే తుపాకీ కాల్చి మరీ దిగారు. మొక్కల జాబితా తయారైంది ఆ ఒడ్డు మీదే. ఏ చెట్టు నార తీయడానికి పనికొస్తుంది, ఏది కలపకు, ఏది మందుకు అన్న ప్రశ్న ఈ సేకరణల వెనక ఎప్పుడూ ఉంది. తర్వాతి రోజుల్లో ఆస్ట్రేలియాకు ఖైదీల్ని పంపమని సలహా ఇచ్చినవాళ్లలో బ్యాంక్స్ కూడా ఒకడు. వేల ఏళ్లుగా అక్కడివాళ్లు పేర్లు పెట్టి వాడుకుంటున్న మొక్కకు, చూసిన వారంలో కొత్తది అని రాసుకున్నారు. పార్కిన్సన్ మాత్రం తాను కలిసిన జనాల మాటల్ని జాబితాలుగా రాసుకున్నాడు, కుక్‌టౌన్ దగ్గరి గూగు ఇమిథిర్ వాళ్ల మాటలు కూడా. అతని బొమ్మల్ని నేను ప్రేమిస్తాను, ఆ ఓడ చేసినదాన్ని కూడా పక్కనే పెట్టుకుని చూస్తాను.

మన తెలుగు నేలకు ఈ కథతో ఏమైనా సంబంధం ఉందా?

నేరుగా ఉంది, మధ్యలో బ్యాంక్సే ఉన్నాడు. విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు 1781 నుంచి సామర్లకోటలో తోట పెంచి, చుట్టుపక్కల మొక్కల్ని ఇక్కడి చిత్రకారుల చేత గీయించాడు. కంపెనీ ద్వారా లండన్‌కు వెళ్లిన ఆ బొమ్మల్లోంచి ఏరి, బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుంచి కోరమాండల్ తీరం మొక్కల పుస్తకాన్ని మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో అచ్చువేశారు. విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రసెల్ ఇక్కడి పాముల మీద 1796లో, రెండు వందల చేపల మీద 1803లో పుస్తకాలు తెచ్చాడు. చేపల బొమ్మల పక్కన మన జాలర్లు పిలిచే పేర్లే ఉంటాయి, కనగుర్తతో సహా.

పుస్తకాల అట్ట మీద రాక్స్‌బర్గ్ పేరు ఉంది. సామర్లకోటలో కూర్చుని ఆ ఆకుల ఈనెలు గీసిన చిత్రకారుల పేర్లు పుస్తకంలో లేవు. పార్కిన్సన్‌కు కనీసం కాగితం మీద సంతకం మిగిలింది.

ఈ బొమ్మలు ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

పార్కిన్సన్ మొక్కలూ జంతువులూ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి, వాళ్ల వెబ్‌సైట్‌లో మొక్కల బొమ్మలు ఉచితంగా పెద్ద సైజులో చూడొచ్చు. జాన్ వైట్ బొమ్మలు బ్రిటిష్ మ్యూజియం సైట్‌లో, తుపాయియా బొమ్మలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. బౌవర్ అంకెల స్కెచ్‌లు వియన్నాలో, పూర్తయిన బొమ్మలు లండన్‌లో. రాక్స్‌బర్గ్ చిత్రకారుల మూల చిత్రాలు కోల్‌కతా బొటానిక్ గార్డెన్‌లోనూ లండన్ దగ్గరి క్యూ తోటలోనూ ఉన్నాయి, పుస్తకం స్కాన్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే పార్కిన్సన్ వేసిన బ్యాంక్సియా సగం బొమ్మ, దాన్ని లండన్‌లో పూర్తి చేసిన బొమ్మ, ఈ రెండూ ఒకేసారి తెరిచి పెట్టుకుని చూడండి.